నాలుగు సెకన్ల విహారయాత్ర

ఋజువు లేని ఆనందం ఆనందం కాదు. ఈ సత్యం కనిపెట్టడం మానవజాతికి వేల ఏళ్ళుగా చేతకాలేదు గానీ, విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల వ్యవహారాల కార్యాలయానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. ఆ మధ్యాహ్నం జరిగిన సమావేశంలో, పరాయి దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన ప్రతి విద్యార్థీ ఏడాదికి నలభై దర్శనీయ స్థలాలు చూసి తీరాలని, చూసి ఆనందించి తీరాలని తీర్మానించారు. ఆనందించని వారికి మరుసటి ఏడాది రిజిస్ట్రేషన్ ఉండదు. రిజిస్ట్రేషన్ లేకపోతే హాస్టల్ గది ఉండదు, గది చిరునామా లేకపోతే ఆ దేశంలో ఉండే అనుమతి ఉండదు. (ఇంతకన్నా ఆప్యాయంగా అతిథిని ఊరు చూసి రమ్మన్న వారు చరిత్రలో లేరు.)

శని, ఆదివారాల్లో పొందిన ఆనందమే చెల్లుతుంది. మిగతా రోజుల్లో విద్యార్థి చదువుకుంటూ ఉండాలి కాబట్టి, ఆ రోజుల్లో సంతోషంగా దొరికితే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఋజువు కోసం ఒక యాప్ తయారైంది. ప్రతి దర్శనీయ స్థలం దగ్గరా ఒక కోడ్ పలక బిగించారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి దాన్ని ఫోన్‌తో స్కాన్ చేయాలి. అప్పుడు యాప్ "మీరు ఆనందించారా?" అని అడుగుతుంది. కింద "ఆనందించాను" అని ఒక బటన్ ఉంటుంది. రెండో బటన్ గురించి సమావేశంలో ఎవరో ప్రస్తావించారట గానీ, సభ్యులు నవ్వేసి టీకి లేచారు.

పలకలు మాత్రం గేటు బయట బిగించారు. లోపలి గోడలు వేరే శాఖ వారివి, వాటికి మేకు కొట్టాలంటే ఆ శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇప్పటికీ వస్తూనే ఉంది.

ఈ చిన్న సౌకర్యాన్ని మొట్టమొదట గుర్తించిన మహానుభావుణ్ణి విద్యార్థులంతా గేటన్న అని పిలిచేవారు. రెండేళ్ళ చదువును నాలుగో ఏడాది కూడా శ్రద్ధగా చదువుతున్నాడు. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా స్కాన్ చేసే పలక ఒకటే అయినప్పుడు, మధ్యలో లోపలికి వెళ్ళడం దేనికని ఆయనకు తట్టింది. ఆ రోజు నుంచి శనివారం శనివారం బస్సు మాట్లాడి, పూటకు ఆరు గేట్లు చూపించడం మొదలుపెట్టాడు. బస్సు ఆగేది, నలభై మంది దిగేవారు, టిక్ టిక్‌మని రెండుసార్లు స్కాన్ చేసి, గేటును వెనక పెట్టుకుని ఒక ఫోటో దిగి, మళ్ళీ ఎక్కేవారు. మొత్తానికి ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు. కోటలు, తోటలు, మ్యూజియంలు, ఒక జలపాతం, అన్నీ ఈ లెక్కనే అయిపోయాయి. (జలపాతం గేటు నుంచి కనబడదు. చప్పుడు వినబడిందని ఇద్దరు సాక్ష్యం చెప్పారు.)

ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి ఉంది. నీటి సరఫరా ఇంజనీరింగు చదవడానికి వచ్చింది. ప్రతి గేటు దగ్గరా "అన్నా, లోపలికి వెళ్దామా?" అని అడిగి అడిగి లోపలమ్మ అని పేరు తెచ్చుకుంది.

"లోపలేముంటుంది చెల్లీ? లోపలే ఉంటుంది," అనేవాడు గేటన్న, ఓపిగ్గా. "నలభై అయ్యాక నీ ఇష్టం, ఎంత లోపలికైనా వెళ్ళు. ముందు గండం గట్టెక్కు."

మాటలో న్యాయం లేకపోలేదు. లోపలమ్మ తల వంచుకుని ముప్పై తొమ్మిది గేట్లు గట్టెక్కింది. ఆ ముప్పై తొమ్మిదింటి ఫోటోలూ ఇంటికి పంపింది. వాళ్ళ నాన్న ఊరికి నీళ్ళు తోలే పంపుహౌసులో ఆపరేటరు. ఇరవై ఆరేళ్ళుగా పంపుల మధ్యే బతుకుతున్నవాడు. ఫోటో చూసినప్పుడల్లా "బావుందమ్మలూ" అనేవాడు. ఆయన ఒక్కటే ఒక్క కోరిక కోరాడు.

"ఆ ఊళ్ళో పాతకాలపు ఆవిరి పంపుందటగా, నీళ్ళు తోడేది? మా పెద్ద ఇంజనీరు గారు చెబుతుంటారు. అది నడుస్తుంటే చూపించవే ఒకసారి. ఇంకేం వద్దు నాకు."

నలభయ్యో గేటు సరిగ్గా ఆ పాత పంపుహౌసుదే.

ఆ శనివారం పది యాభైకి బస్సు ఆగింది. అందరూ టిక్ టిక్‌మనిపించారు. లోపలమ్మ మాత్రం ఒక్క టిక్ అనిపించి, గేటన్న "చెల్లీ, చెల్లీ!" అంటుండగానే లోపలికి నడిచింది. తరవాతి గేటుకు టైమైపోతోందని బస్సు వెళ్ళిపోయింది.

లోపల ఎత్తైన హాలు, నూనె వాసన, రెండు నిలువుల ఎత్తు చక్రం. దాని పక్కన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పాత గుడ్డతో ఇత్తడి పలకలు తుడుస్తున్నాడు. ఈ అమ్మాయిని చూసి, టాయిలెట్ గేటు బయట ఎడమ పక్కన ఉందని చెప్పాడు.

"పంపు చూడ్డానికి వచ్చానండీ," అంది లోపలమ్మ, తనకొచ్చిన ఆ దేశపు భాషలో.

పెద్దాయన గుడ్డ కింద పెట్టేశాడు. ఆయన ఆ యంత్రానికి మెకానిక్కు. ప్రతి శనివారం పదకొండింటికి, కనీసం ఒక్క సందర్శకుడైనా ఉంటేనే పంపు నడపాలని నిబంధన. ఏడు నెలలుగా ప్రతి శనివారం కొలిమి రాజేసి, ఆవిరి పట్టించి, నూనె పోసి, పదకొండు దాకా గుమ్మం వైపు చూసి, మళ్ళీ ఆర్పేస్తున్నాడు. ఏడు నెలల్లో గేటు దగ్గర మనుషుల చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పెరిగిందని చెప్పాడు.

లోపలమ్మ నాన్నకు వీడియో కాల్ చేసింది. మెకానిక్కు వాల్వు తిప్పాడు. చక్రం ముందు బద్ధకంగా, తరవాత తన బరువు తనకు గుర్తొచ్చినట్టుగా తిరగడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద నేల అదిరింది. ఫోన్లో నాన్న నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"అమ్మలూ, ఫోను కిందికి పట్టు. ఆ కడ్డీ పైకీ కిందికీ ఆడే చోటు, అక్కడ చుక్క చుక్క నీళ్ళు కారుతున్నాయా?"

"కారుతున్నాయి నాన్నా. చెప్పనా ఆయనకి?"

"వద్దొద్దు, కారాలి. ఆ చుక్క పడకపోతే కడ్డీ వేడెక్కి కాలిపోద్ది. తెలీనివాళ్ళు ఆ చుక్క కూడా పడకూడదని బిగించేస్తారు. ఆయన పని తెలిసిన మనిషి. నేనన్నానని చెప్పు."

చెప్పింది. మెకానిక్కు టోపీ తీసి ఫోన్‌కు నమస్కారం లాంటిదేదో చేశాడు. ఆ తరవాత ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే రెండు గంటలు మాట్లాడుకున్నారు. మధ్యలో అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పి చెప్పి లోపలమ్మకు గొంతు ఆరిపోయింది, కళ్ళు మాత్రం ఆరలేదు. ఇంటి నుంచి వచ్చాక ఆమె ఇంత సంతోషంగా ఉన్నది ఆ రోజే. (యాప్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు.)

"వచ్చే శనివారం మా వాళ్ళందర్నీ కూచోబెడతా," అన్నాడు నాన్న. "షిఫ్టు మార్చుకునైనా సరే. ఆయన్ని ఉండమను."

ఉంటానన్నాడు మెకానిక్కు.

సోమవారం పొద్దున్నే లోపలమ్మకు కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. అనుభవాల ధ్రువీకరణ అధికారిణి ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, స్క్రీన్ తిప్పి చూపించింది.

"ఈ స్థలంలో సగటు సందర్శన సమయం నాలుగు సెకన్లు. మీది మూడు గంటల పది నిమిషాలు. ఏమైంది?"

"చూశానండీ."

"ఏం చూశారు?"

"పంపు."

"నలభై మంది నాలుగు సెకన్లలో చూసినదాన్ని మీరు మూడు గంటలు ఎందుకు చూశారు? చూపు సమస్య ఏమైనా ఉందా?"

"లోపలికి వెళ్ళానండీ."

అధికారిణి కళ్ళద్దాలు సర్దుకుంది. పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటోంది, పంపుహౌసుకు లోపల అనేది ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నియమావళి తిరగేసింది. సగటుకు వంద రెట్లు దాటిన ఆనందం అసహజ ఆనందం కిందికి వస్తుంది, అది చెల్లదు. అదే స్థలాన్ని మళ్ళీ సహజంగా చూడాలి. గడువు వచ్చే ఆదివారంతో ముగుస్తుంది. అంతకన్నా ముందు సంజాయిషీ రాసివ్వాలి.

లోపలమ్మ బుద్ధిగా సంజాయిషీ రాసింది. రాసేటప్పుడు ఉన్నదున్నట్టు చెబితే అర్థం చేసుకుంటారని అనుకుంది. (చదువుకున్న పిల్ల, అయినా అనుకుంది.) "నేను రెండో స్కాన్ మరిచిపోయి ఎక్కడో పడుకోలేదు, నిజంగానే లోపల పంపు చూశాను. కావాలంటే మెకానిక్కు గారిని అడగండి. ఏడు నెలల్లో లోపలికి వచ్చిన మొదటి మనిషిని నేనేనని ఆయనే చెప్పారు," అని రాసి, సంతకం పెట్టి, మూడు ప్రతులు ఇచ్చింది.

మూడు ప్రతుల్లో ఒకటి ఫైల్లోకి వెళ్ళింది. రెండోది అధికారిణి బల్ల మీద కప్పు కింద కుదురుకుంది. మూడోది, విషయం వేరే శాఖకు సంబంధించినది కాబట్టి, ఆ శాఖకు వెళ్ళింది. ఆ దేశంలో ఒక కాగితం మూడు రోజుల్లో ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు చేరి, చదవబడి, చర్య కూడా తీసుకోబడటం అదే మొదటిసారి.

శనివారం పది యాభైకి లోపలమ్మ ఒక్కతే పంపుహౌసు గేటు దగ్గరికి వచ్చింది. గేటు తాళం వేసి ఉంది. కోడ్ పలకకు కొత్తగా చిన్న గొడుగు కట్టారు, వానకు తడవకుండా. పక్కన నోటీసు అంటించి ఉంది.

"ఈ ఏడాది సందర్శకుల సంఖ్య పదకొండు వేలు దాటినందుకు హర్షిస్తున్నాము. వారిలో లోపలికి వచ్చినది ఒక్కరేనని ఆ ఒక్కరి లిఖితపూర్వక వాంగ్మూలం ద్వారా ఋజువైనది. కావున సందర్శకుల అభిరుచిని గౌరవిస్తూ లోపలి భాగాన్ని శాశ్వతంగా మూసివేస్తున్నాము. గేటు యథాప్రకారం ఉంటుంది."

ఆమె రెండోసారి చదివింది. వాంగ్మూలం అంటే తను రాసిచ్చిన సంజాయిషీయే. వేల మంది ఏడు నెలలు లోపలికి వెళ్ళకపోతే చావని యంత్రాన్ని, వెళ్ళిన ఒక్కతీ వెళ్ళానని చెప్పి చంపేసింది.

పలక దగ్గర మెకానిక్కు నిలబడి ఉన్నాడు. ఉద్యోగం తీసెయ్యలేదు, పాపం. పలక తుడిచే పని ఇచ్చారు. చేతిలో అదే పాత గుడ్డ.

"క్షమించండి," అంది లోపలమ్మ. "నావల్లే."

"నువ్వొచ్చావు కదమ్మా," అన్నాడాయన. "బాయిలర్లో నీళ్ళు దించేశారు. ఇప్పుడక్కడ చుక్క కూడా కారదు."

సరిగ్గా పదకొండింటికి ఫోన్ మోగింది. తెర నిండా మనుషులు. నాన్న మధ్యలో, చుట్టూ పంపుహౌసు వాళ్ళు అయిదుగురు, ఉతికిన యూనిఫారాల్లో, తలలు దువ్వుకుని. స్టూలు మీద కూర్చున్న పెద్దాయనను చూపించి, పెద్ద ఇంజనీరు గారు కూడా వచ్చారని గర్వంగా చెప్పాడు నాన్న.

"ఊఁ, తిప్పమను అమ్మలూ!"

లోపలమ్మ ఫోన్‌ను గేటు వైపు తిప్పింది. ఇంకెటు తిప్పాలో తెలియలేదు. అయిదుగురూ కాసేపు గౌరవంగా గేటును చూశారు.

"గేటు బావుందమ్మా," అన్నాడు నాన్న. "లోపలికెప్పుడు వెళ్తావు?"

ఆమెకు రేపటితో గడువు అయిపోతోంది. యాప్ తెరిచింది. నాన్న, అయిదుగురు, పెద్ద ఇంజనీరు గారు, అందరూ కలిసి గోరంతైపోయి తెర మూలకు జరిగారు. మెకానిక్కు ముందుకొచ్చి, ఆమె కోసం పలకను మరోసారి శుభ్రంగా తుడిచాడు.

టిక్. టిక్.

మీరు ఆనందించారా?

ఉన్న ఒక్క బటన్ నొక్కింది.

"అభినందనలు. మీ నలభై అనుభవాలూ పూర్తయ్యాయి. ఈ సందర్శన సమయం నాలుగు సెకన్లు. మీ ప్రవర్తనలో మెరుగుదల గమనించాము."