కోరుట్లలో సముద్రపు ఏసీ

దివాకర్ బహ్రైన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద బిల్డింగ్‌లో తొమ్మిదేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. అందుకని కోరుట్లలో తన ఇంటికి ఏసీ కొనే విషయంలో ఎవరి సలహా అయినా వినాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. కోరుట్లకు సముద్రం ఎంత దూరమో కూడా అడ్డం రాలేదు.

సెలవు మీద వచ్చి, జగిత్యాల షాపులో మూడు గంటలు కూర్చున్నాడు. ఏది చూపినా వెనక్కి తిప్పించి, లోపలి రేకులు గోటితో గోకి, పెదవి విరిచాడు. ఇది ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పడుతుందన్నాడు. అది చెమ్మ పీల్చలేదన్నాడు. షాపాయన బాలరాజు ఓపికగా విని, చివరికి ఒక్క మాట అడిగాడు.

"అన్నా, ఇల్లు ఏడ?"

"కోరుట్ల."

"కోరుట్లకు సముద్రం ఎప్పుడచ్చింది?"

"నీకు తెల్వది తమ్మీ. సముద్రం పక్కన తట్టుకున్న మిషిన్ ఏడికివోయినా తట్టుకుంటది."

ఆ మాటకు బాలరాజు ముఖం విచ్చుకుంది. గోదాములోంచి దుమ్ముకొట్టుకుపోయిన డబ్బా ఒకటి మోయించుకొచ్చాడు. మూడేళ్ల కింద పొరపాటున దిగిన సరుకు. సముద్రతీరపు ఇళ్ల కోసం అని దాని మీద రాసి ఉంది. జిల్లా మొత్తంలో దాన్ని కావాలని అడిగి కొన్న మొదటి మనిషి దివాకరే.

పిల్లను ఎత్తుకొని నిలబడ్డ దివాకర్ భార్య సరితకు బాలరాజు రిమోట్ ఇచ్చి, నీటిచుక్క బొమ్మ ఉన్న బటన్ మాత్రం ముట్టుకోవద్దని చెప్పాడు. అది గాలిలో తడినంతా పిండేస్తుందట, సముద్రం ఒడ్డువాళ్లకే దాంతో పనట. సరిత శ్రద్ధగా తల ఊపింది. తొమ్మిది నెలల సుస్మిత ఆ రిమోట్‌ను అందుకొని నోట్లో పెట్టుకుంది.

సరితకు కావాల్సింది ఒక్కటే, పిల్ల నిద్ర. సుస్మిత మెడ చుట్టూ చెమటకాయలు. సరిత గంటకోసారి లెక్కపెట్టేది, తగ్గితే పొరపాటుగా లెక్కపెట్టానేమోనని మళ్లీ లెక్కపెట్టేది. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్ హాల్లో ఉంది. దాని ముందు అత్త నర్సవ్వ, వాడకట్టు ఆడవాళ్లు ముగ్గురు పొద్దంతా బీడీలు చేస్తూ కూర్చుంటారు. కూలర్ తడిగాలికి బీడీలు చుట్టే తునికాకు విరగకుండా మెత్తగా ఉంటుంది. పిల్ల కన్ను మూతపడే వేళకు వాళ్లలో గంగవ్వ నవ్వుతుంది. గంగవ్వ నవ్వితే రెండు గల్లీల అవతల కుక్కలు లేస్తాయి.

దివాకర్‌కు కావాల్సింది వేరు. నలభై రోజుల సెలవులో పదమూడు రోజులు పోయాయి. అన్ని రోజుల్లో భార్యతో విడిగా మాట్లాడినవి రెండే మాటలు. ఒకటి సబ్బు గురించి, రెండోది తువ్వాల గురించి. బహ్రైన్‌లో ఉన్నప్పుడే ఫోన్లో ఎక్కువ మాట్లాడుకున్నారు. ఏసీ పెడితే గది తలుపు మూయాలి. తలుపు మూస్తే ఎవరూ రారు. ఈ సంగతి సరితకు చెప్పేటప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. తల్లికి మాత్రం పిల్ల కోసం అన్నాడు.

చిన్నగదిలో తనే బిగించాడు. మధ్యాహ్నానికి గది చల్లబడింది, సుస్మిత నిద్రపోయింది. దివాకర్ తల దువ్వుకొని, తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. నర్సవ్వ వచ్చింది, చంకలో తడి గోనెపట్టాలో చుట్టిన ఆకు. వెనకాలే గంగవ్వ, రాజలక్ష్మి, విజయ, ఎవరి ఆకు వాళ్లు, ఎవరి కత్తెర వాళ్లు. బీడీల్లో నింపే తంబాకు చాటలు హాల్లోనే ఉండాలి, పిల్లకు పడదని సరిత ముందే షరతు పెట్టింది. కాబట్టి ఆకు కత్తిరించడం వరకే లోపల అన్నారు. నాలుగు కత్తెరలు కిచకిచమంటున్నా పిల్ల కదల్లేదు. గంగవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

దివాకర్ కాసేపు గోడ చూశాడు. తర్వాత రిమోట్ చూశాడు. తర్వాత ఎవరూ చూడకుండా ఏదో నొక్కి, దాన్ని పిల్ల పక్కన పడేసి, అమాయకంగా కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు.

గంటలో గంగవ్వ చేతిలో ఆకు అప్పడంలా ఫట్టుమంది. తర్వాత రాజలక్ష్మిది. నర్సవ్వ ఒక కట్ట విప్పితే సగం పొడే రాలింది. ఆమె ముఖం వాడిపోయింది. కంపెనీ ఇచ్చే ఆకు లెక్కకు లెక్క, ఇంకో ఆకు ఇవ్వరు.

"అయ్యో అవ్వా, ఏసీ గాలికి ఆకు ఎండుతదే," అన్నాడు దివాకర్ తల్లితో, అడగకముందే. "హాల్లకు పోండ్రి. కూలర్ కాడనే మీకు మంచిగుంటది."

కొడుక్కి తమ మీద ఎంత శ్రద్ధ అని నర్సవ్వ మురిసింది. సరిత మురవలేదు. నిద్రలోనే సుస్మిత రిమోట్‌ను గుండెకు అదుముకొని ఉంది. పిల్ల వేళ్ల సందుల్లోంచి నీటిచుక్క బొమ్మ మెరుస్తోంది.

సరిత మొగుడి వైపు చూసింది. దివాకర్ పైకప్పు వైపు చూశాడు.

రిమోట్ లాగితే పిల్ల లేస్తుంది. నలుగురూ సామాను సర్దుకొని కదిలినా లేస్తుంది. సరిత అత్త చెవి దగ్గర మెల్లగా అంది.

"అత్తమ్మా, మీరు లేవకుండ్రి. కూలరే ఈడికి అస్తది. సుస్మిత వాళ్ల బాపు తెస్తడు."

బాపు తెచ్చాడు. కూలర్ గదిలోకి తడి చిమ్మింది. గోడ మీది మిషిన్ ఆ తడిని అందినంత జుర్రుకుంది. మూడేళ్లు గోదాములో ఎదురుచూసిన దానికి ఇన్నాళ్లకు సముద్రం దొరికింది. ఇంటి వెనక పైపులోంచి నీళ్లు ధారకట్టాయి. ఆకు మెత్తబడింది. కూలర్ ఖాళీ అయింది. వెనక పారే నీళ్లు తెచ్చి ఇందులో పోయమంది నర్సవ్వ.

కూలర్ చిమ్మడం, ఏసీ పిండడం, దివాకర్ మోయడం. గంగవ్వ నోట్లోంచి కొంగు తీసి మెచ్చుకోలుగా, "కోరుట్లకు సముద్రం తెచ్చిండు గదనే నీ కొడుకు," అంది.

నాలుగో బకెట్‌కు సరిత ఇంటి వెనక్కి వచ్చింది. గోడ నీడ మూరెడే ఉంది. దివాకర్ అందులో ఒదిగి, పైపు కింద బకెట్ పెట్టుకొని కూర్చున్నాడు.

"నువ్వు ఆ చుక్క నొక్కకుంటే నాలుగింటికి పోయేటోళ్లు," అంది సరిత. "మిషిన్ సూసి పోదమని ఒక్క పూటకే అచ్చిండ్రట. అత్తమ్మ పొద్దున్నే చెప్పింది."

"ఇప్పుడు?"

"ఆకు గింత మెత్తగ ఎన్నడు లేదట. రోజు ఈడనే కూసుంటరట."

దివాకర్ బకెట్‌ను పైపు కిందికి ఇంకాస్త జరిపాడు. సరిత కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది. అక్కడా నాలుగు చెమటకాయలు లేచాయి. లెక్కపెట్టింది. పిల్ల గురించి చెప్పింది, మొదటి పన్ను గురించి చెప్పింది, అతన్ని ఫోన్‌లో చూసి పిల్ల 'బాపు' అనడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పింది. బకెట్ నిండింది. లోపల్నుంచి నర్సవ్వ పిలిచింది.

దివాకర్ బకెట్ ఎత్తి రెండడుగులు వేసి ఆగాడు. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"ఇంట్ల ఇంతకంటె పెద్ద బకెట్ లేదా?" అన్నాడు.