అంతరాయానికి తగిన మాట

రాయదుర్గంలో మెట్రో దిగి తల పైకెత్తితే కనిపించే అద్దాల భవనాల్లో ఒకదాంట్లో నిరంతర్ సొల్యూషన్స్ వారి కార్యాలయం ఉంది. అక్కడ పని ఆగదు. ఆగినట్టు ఎవరికైనా అనిపిస్తే అది చూసినవారి లోపం. ఈ సంగతిని శాశ్వతంగా స్థిరపరచడానికి ఉపాధ్యక్షులు పార్థసారథి గారు ఈమధ్య ఒక విధానాన్ని ప్రవేశపెట్టారు. దాని ప్రకారం ఇకపై ఆ కార్యాలయంలో సరైన ఇంగ్లీషు పేరు లేకుండా ఏ విరామమూ జరగడానికి వీల్లేదు.

అంతకుముందు పరిస్థితి చెప్పుకోవడానికే సిగ్గుచేటుగా ఉండేది. టీకి వెళ్లినా బ్రేకే, లిఫ్టు మధ్యలో నిలిచిపోయినా బ్రేకే, సంసారం చెడినా బ్రేకే. "పేరు లేని విరామాన్ని బద్ధకం అంటారు. పేరున్న విరామాన్ని మేనేజ్‌మెంట్ అంటారు," అని పార్థసారథి గారు ప్రారంభోపన్యాసంలో సెలవిచ్చారు. సభికులు చప్పట్లు కొట్టారు. చప్పట్ల వల్ల ఉపన్యాసానికి కలిగిన ఆటంకాన్ని పాజ్‌గా నమోదు చేశారు.

మంచినీళ్లకు లేస్తే పాజ్. కాఫీకి బ్రేక్. భోజనానికి రీసెస్. మీటింగు ఎటూ తేలక రేపటికి పడితే అడ్జర్న్‌మెంట్. క్లయింటు పని పంపక కాసేపు అంతా సద్దుమణిగితే లల్. ఆ వేళ అందరూ కీబోర్డు మీద చేతులుంచుకుని గంభీరంగా కూర్చోవాలి. సర్వరు పడుకుంటే డౌన్‌టైమ్. డైరెక్టరు గారు కుటుంబంతో యూరప్ వెళితే సబ్బాటికల్. ఉద్యోగం నుంచి తీసేస్తే హయేటస్. ఈ చివరి మాట ఎంత అందంగా ఉందంటే, దాన్ని మొట్టమొదట అందుకున్న తిరుపతి అనే కుర్రాడు వంగి నమస్కారం పెట్టి, ఫ్లోరంతా కేకు పంచాడు. అది ప్రమోషన్ కాదని అతనికి నెలాఖరున గానీ తెలియలేదు.

ఈ విద్యలో అందరినీ మించినవాడు ఉదయ్ భాస్కర్. తణుకు నుంచి వచ్చి పుప్పాలగూడలో స్థిరపడ్డ మనిషి, టెస్టింగ్ విభాగంలో లీడు. ఇంటర్వల్‌కూ ఇంటర్మిషన్‌కూ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇంట్లోనూ సాధన మానలేదు. భార్య ఉమాశ్రీ మిక్సీ వేస్తే డిస్రప్షన్ అనేవాడు. ఆమె మాట్లాడడం మానేస్తే లల్ అనేవాడు. ఈ రెండో విషయంలో అతని అంచనా ప్రతిసారీ తప్పుతూ ఉండేది.

ఉమాశ్రీకి నెలలు నిండుతున్నాయి. కాన్పు గదిలో పక్కనే ఉండి చెయ్యి పట్టుకుంటానని ఉదయ్ ఆమెకు మాటిచ్చాడు. ఆమెకు భయం, తొలి కాన్పు మరి. డాక్టరు చెప్పిన తేదీకి అతను సెలవు కూడా ముందే మంజూరు చేయించుకున్నాడు. లోపలి బిడ్డ ఆ తేదీకి కట్టుబడి ఉండాల్సింది గానీ, కార్యాలయ విధానాన్ని ఎవరూ దాని చెవిన వేయలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, సమీక్షా సమావేశం మంచి రసపట్టులో ఉండగా, అత్తగారు పుణ్యవతి ఫోన్ చేసింది.

"బాబూ, అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయండి. గచ్చిబౌలి ఆస్పత్రికి తెచ్చేశాం. మీరు ఉన్నపళాన బయల్దేరండి."

ఉదయ్ లేచి నిలబడి విషయం చెప్పాడు. పార్థసారథి గారు రాతిగుండె మనిషేమీ కాదు. "కంగ్రాచ్యులేషన్స్! బ్రేక్ అని పెట్టేసి వెళ్లవయ్యా," అన్నారు.

వెళ్లిపోవలసింది. తలుపు పక్కనే ఉంది, తెరిచే ఉంది. కానీ నేర్చిన విద్య ఊరుకోనిస్తుందా?

"సారీ సార్. బ్రేక్ కాదండి," అన్నాడు ఉదయ్. "బ్రేక్ కాఫీకి కదండీ. రికార్డులో తప్పు పడుతుంది."

పార్థసారథి గారి కళ్లు చెమర్చాయి. "చూశారా! ఇంటి దగ్గర అంత అవసరం ఉండి కూడా ఈ మనిషి తప్పు మాట వాడనంటున్నాడు. దీన్నే సంస్కృతి అంటారు. ఉదయ్, కూర్చో. నీకు తగిన మాట దొరికేదాకా ఈ గదిలోంచి ఒక్కరు కూడా కదలరు."

అందరూ సర్దుకుని కూర్చున్నారు. సిబ్బంది వ్యవహారాలు చూసే రోహిణి పాజ్ అంది. పాజ్‌లో ఉన్నవాడు ఫ్లోరు దాటకూడదని ఎవరో గుర్తుచేశారు. రీసెస్ అన్నారు, భోజనం ముచ్చట లేదు కాబట్టి చెల్లలేదు. అవుటేజ్ అన్నారు, అది కరెంటువాళ్ల సొత్తు. ఇంటర్వల్ అనగానే పార్థసారథి గారు ముందుకు వంగారు. "బావుంది. కానీ ఇంటర్వల్ తర్వాత రెండో భాగం ఉండాలి. ఉందా?"

"కవలలని డాక్టరుగారు చెప్పలేదండి," అన్నాడు ఉదయ్.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఉమాశ్రీ. "ఏమండీ, బయల్దేరారా?"

"అయిపోవచ్చింది ఉమా. ఒక్క మాట దగ్గర ఆగాం."

"ఎవరి మాట?" అంది ఆమె. ఇంతలో నొప్పి రావడంతో ఫోన్ కట్టయింది.

చివరికి రోహిణి గట్టెక్కించింది. "ఆయన ఫోన్‌లో మీటింగు కాల్‌లో ఉంటూనే వెళితే అసలు విరామమే ఉండదు కదా సార్! లేనిదానికి పేరెందుకు?" ఆ తెలివికి అందరూ నిట్టూర్చారు. ఉదయ్ చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కిందికి పరుగెత్తాడు. అలా వెళ్లడానికి అనుమతి ఇచ్చినవారికి దారి పొడవునా కృతజ్ఞతలు చెబుతూనే ఉన్నాడు.

బైక్ ట్యాక్సీ నడిపే నర్సింహకు ఇదంతా అంతుపట్టలేదు. ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ నిలిచిపోయిన చోట వెనక్కి తిరిగి అడిగాడు. "సార్, నాతోని మాట్లాడుతున్నవా, ఫోన్ల మాట్లాడుతున్నవా? దవాఖానకు పోతున్నమంటివి. నడుమ ఈ ఇంగ్లీషు పంచాయితీ ఏంది?"

"నువ్వు పోనీ అన్నా. అవతల నా భార్యకి డెలివరీ!"

"అట్లయితే ఫోన్ బంద్ చెయ్యి, జర గట్టిగ పట్టుకో," అని నర్సింహ సందుల్లోంచి బండి దూరించాడు. ఉదయ్ రెండో సలహా మాత్రమే పాటించాడు.

ఆస్పత్రిలో కాన్పు గది ముందు పుణ్యవతి ఎదురొచ్చింది. "వచ్చారా బాబూ! ఇందాకట్నుంచీ మిమ్మల్నే అడుగుతోందండి, లోపలికెళ్లండి." నర్సు తలుపు సగం తీసింది. "రండి సార్. ఫోన్ బయట పెట్టి రావాలె."

ఫోన్ బయట పెట్టడం! దాన్నేమంటారు? లోపలి నుంచి ఉమాశ్రీ మూలుగు వినిపిస్తోంది. చెవిలో పార్థసారథి గారు వచ్చే త్రైమాసికం గురించి మాట్లాడుతున్నారు. ఆయన మాటకు అడ్డు రావాలంటే తగిన పదం కావాలి. ఉదయ్‌కి నేర్చిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి, తగిన పదం మాత్రం రాలేదు. నర్సు వైపు వేలు చూపించి, ఒక్క నిమిషం అన్నాడు. నర్సు కాసేపు చూసి తలుపు మూసుకుంది.

ఆ తలుపు మళ్లీ తెరుచుకునేసరికి ఆమె చేతుల్లో ఆడపిల్ల ఉంది. ఉదయ్ రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. పిల్ల ఒక్కసారి కళ్లు చిట్లించి, ఊపిరి బిగబట్టి, కెవ్వుమంది. ఆ కేక కాల్‌లో ఉన్న ప్రతివారి చెవుల్లోనూ మారుమోగింది.

"ఎవరది ఆ డిస్టర్బెన్స్? దయచేసి మ్యూట్ చేయండి," అన్నారు పార్థసారథి గారు.

ఉదయ్ బిడ్డను చటుక్కున అత్తగారి చేతిలో పెట్టి మ్యూట్ నొక్కాడు. తర్వాత, మర్యాద కాదనిపించి, మ్యూట్ తీసి క్షమాపణ చెప్పి, మళ్లీ నొక్కాడు. ఆనాటి సమావేశం ఎలాంటి అంతరాయమూ లేకుండా ముగిసినట్టు నమోదైంది. సంస్థ చరిత్రలో అది మొదటిసారి. అందుకు అతన్ని పేరు పెట్టి అభినందించారు.

అభినందనలు ఇంకా సాగుతుండగా లోపలి నుంచి ఉమాశ్రీ నీరసంగా పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి." ఆమె చెయ్యి మంచం అంచు మీద ఖాళీగా ఉంది. అతను తెరిచిన తలుపులోంచి ఆమెను చూసి, నవ్వి, ఒక వేలు ఎత్తి చూపించాడు.

ఇతని మీద మీకు కోపం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ మీరు ఈ కథ మొదలుపెట్టినప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరో రెండుసార్లు మిమ్మల్ని పిలిచారు. తల ఎత్తకుండానే ఒక్క నిమిషం అన్నారు మీరు. వాళ్లింకా అక్కడే నిలబడి ఉన్నారు, చూడండి.