బరాత్‌కు రేసు కారు

పెళ్లి రోజు పొద్దున్నే మోయిన్ వంటింట్లో స్టూలు వేసుకుని, రెండు చెప్పులు ముందు పెట్టుకుని, వాటి మీద చెరొక కాలూ ఆనించి, పొయ్యి మీది ఖిచిడీ కుక్కరు వైపు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కుక్కరు విజిల్ వేయగానే అతని ఎడమ కాలు గాల్లోకి లేచింది. కుడి కాలు చెప్పును నేలకేసి అదిమింది. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో ఏది ఉడికినా ఇదే తంతు. తల్లి అమీరున్నీసా మొదట్లో భయపడి తాయెత్తు కట్టించింది గానీ, ఆ తర్వాత అలవాటు పడిపోయింది.

పెళ్లి మోయిన్‌ది కాదు, మేనమామ కొడుకు నవాజ్‌ది. జనమంతా ముస్తాబయ్యేలోపు ఆదోని బయట తిన్నగా ఉండే రోడ్డు మీదికి తన కారు తీసుకుపోయి, ఓ నాలుగుసార్లు దూకించి చూసుకుని, ఆ తర్వాత బైకు మీద పెళ్లికి పోదామని అతని ఏర్పాటు. ఆదివారం బళ్లారి అవతల డ్రాగ్ రేసు ఉంది, తిన్నటి రోడ్డు మీద ఎవరి కారు ముందు దూకితే వాళ్లదే గెలుపు. ఊళ్లో కార్లు బాగుచేసే షెడ్డు నడిపేవాడికి ఇంతకంటే పెద్ద కోరిక ఏముంటుంది?

ఆ కారు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. అదొక పాత, పొడుగాటి, తెల్లటి ఆటోమేటిక్. దానికి క్లచ్ లేదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ నూనె నిండిన గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. మామూలు కారులో యాక్సిలరేటర్ కాస్త తొక్కితే చాలు, ఆ నూనె చక్రాలను నెమ్మదిగా కదిలిస్తుంది. మోయిన్ బెంగళూరు నుంచి తెచ్చి బిగించింది హై స్టాల్ రకం. ఇంజన్ గొంతు చించుకుని అరిచేదాకా అది చక్రాలకు బలం పంపదు. పంపిందంటే మొత్తం ఒక్కసారే పంపుతుంది. రేసులో ఎడమ కాలితో బ్రేకు తొక్కిపట్టి, కుడి కాలితో ఇంజన్‌ను అరిపించి, సంకేతం రాగానే ఎడమ కాలు ఎత్తేయాలి. ఆ తర్వాత దేవుడే దిక్కు.

"మోయిన్, పూలు కట్టేటోళ్లు వచ్చినారు. కారు తాళం ఇయ్యి" అంది అమీరున్నీసా.

"ఏ కారుకు అమ్మీ?"

"మన కారుకే. నవాజ్ బరాత్‌కు ఇస్తామని మీ మామకు ఎప్పుడో మాటిచ్చినా. నీకు సెప్పలేదా?"

"సెప్పలేదు."

"ఇప్పుడు సెప్తాండా కదా."

మోయిన్ చెప్పులు వదిలేసి లేచి నిలబడ్డాడు. "అమ్మీ, బరాత్ అంటే మనుషుల ఎంబడి నడిచినట్టు పోవాల. అది మెల్లగా తొక్కితే కదలదు, గట్టిగా తొక్కితే ఆగదు."

"మీ నాయనా అంతే. నేను ఇన్నేండ్లు కాపురం చేయలేదా?"

పాత కన్వర్టర్ మళ్లీ బిగించాలంటే గేర్‌బాక్సు మొత్తం కిందికి దించాలి. అంత వ్యవధి లేదు. ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంది, వాకిట్లో పూలవాళ్లు అప్పుడే బానెట్ మీద నిలువెత్తు బొమ్మను కడుతున్నారు. ఎర్ర లంగా, జరీ ఓణీ, నెత్తిన ముసుగు. మోయిన్ తాళం ఇచ్చేశాడు.

అసలు భయం మాత్రం పెళ్లికొడుకుది. నవాజ్ ఉర్దూ బడిలో టీచరు. ఎమ్మిగనూరు సమ్రీన్‌తో కలిసి ట్రైనింగ్ చదివాడు, అప్పటినుంచీ ఆ అమ్మాయి తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు. అడ్డం ఆమె తండ్రి బడే సాబ్. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు గానీ, పచ్చజెండా ఇంకా మనసులోనే ఉంది. వెనక ఒక సంబంధం వాళ్లు మాట ముచ్చటకు ఆలస్యంగా వస్తే, కడుపునిండా భోజనం పెట్టి, అత్తరు పూసి, పిల్లనివ్వనని చెప్పి పంపేశాడు. నవాజ్‌ను ఎంతో కాలం తిప్పుకుని ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు. మధ్యాహ్నపు నమాజు పిలుపు, జోహర్ అజాన్ వినపడేలోపల నిఖా అయిపోవాలి. లేకపోతే భోజనాలే ఉంటాయి, నిఖా ఉండదు.

బరాత్‌లు వేళకు చేరడం ఆదోనిలో ఎవరూ చూసి ఎరుగరు. ఆరోజు కూడా ఒకరికి షేర్వానీ గుండీలు దొరకలేదు, ఇంకొకరికి చెప్పులు దొరకలేదు, బస్సు డ్రైవరే దొరకలేదు. ఎమ్మిగనూరు పొలిమేర చేరేసరికి ఎండ నెత్తిమీదికి వస్తోంది. అక్కడ బ్యాండు మాస్టరు జయన్న తన మనుషులతో సిద్ధంగా ఉన్నాడు. ఇక అక్కడినుంచి, పెళ్లి జరిగే షాదీఖానా దాకా ఊరేగింపు.

కష్టాలు అక్కడే మొదలయ్యాయి. మోయిన్ కాస్త తొక్కితే ఇంజన్ మూలిగింది, కారు కదల్లేదు. ఇంకాస్త తొక్కితే ఒక్క ఉదుటున ముందుకు గెంతి, డప్పులవాళ్ల వీపుల దాకా పోయి ఆగింది. కాలు తీసేస్తే ఇంజనే ఆగిపోయేలా ఉంది. చివరికి ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కారు సంకెళ్లు వేసిన ఎద్దులా ఉన్నచోటే వణుకుతూ బుసలు కొడుతోంది.

జయన్న దీన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు. కారు తన బ్యాండుతో పోటీకి దిగిందనుకుని ట్రంపెట్లవాళ్లకు చెయ్యి ఊపాడు. బ్యాండు గట్టిగా వాయించింది. ఆ హోరులో ఇంజన్ చప్పుడు తనకే వినపడక, ఆగిపోయిందేమోనని మోయిన్ ఇంకాస్త తొక్కాడు. కుర్రకారుకు ఇది మహా నచ్చింది. బానెట్ ముందు చేరి, "ఇంగోసారి అన్నా, ఇంగోసారి" అంటూ గంతులు మొదలుపెట్టారు. ఊరేగింపు ఉన్నచోటే ఆగిపోయింది.

"అన్నా, ఇట్లయితే నా పెళ్లి కాదు" అన్నాడు వెనక సీట్లో నవాజ్. ముఖం మీద వేలాడే పూల సెహరాను పక్కకు తప్పించి, ఎండ ఎంత ఎక్కిందో కిటికీలోంచి చూశాడు.

"ఇంజన్ ఆపేస్తా. పిల్లోళ్లను తొయ్యమని సెప్పనా?"

కిటికీ పక్కనే నడుస్తున్న అమీరున్నీసా ఆ మాట విన్నది. "పెళ్లికొడుకు కారును తోసుకుంటా పోతే ఎమ్మిగనూరోళ్లు నవ్వరా? పెట్రోలు కూడా పోయించలేని ఇల్లు అనుకోరా?"

"అయితే ఆ బొమ్మన్నా తీపియ్యి. రోడ్డు కనపడడం ల్యా."

బొమ్మను విప్పారు. పెట్టడానికి చోటు లేక వెనక సీట్లో నవాజ్ పక్కన కూర్చోబెట్టారు. అంతలో అతని ఫోను మోగింది. బడే సాబ్.

"యాడున్నావప్పా?"

"వచ్చేసినాం మామా. మలుపులో ఉన్నాం."

"మలుపు నాకు కనపడతాంది. నువ్వు కనపడవే" అని ఆయన ఫోను పెట్టేశాడు.

నవాజ్ జయన్నను పిలిచి బతిమాలాడు. "జయన్నా, నీకు దండం పెడతా. బిరీన ముందుకు పోనియ్యప్పా." జయన్న మంచివాడు. అయితే టపాకాయల సరం కాల్చకుండా కదలడం పెళ్లికి మర్యాద కాదని చెప్పి, అదొక్కటీ కానిచ్చి దౌడు తీయిస్తానన్నాడు. రోడ్డు మధ్య పొడుగ్గా సరం పరిచారు. ఎవరికీ నిప్పురవ్వలు తగలకూడదని జయన్న జనాన్ని రోడ్డుకు రెండు పక్కలకూ తోలాడు. బ్యాండు ఆపించాడు. సరానికి నిప్పంటించమని సైగ చేసి, ఇక ఎవరూ అడ్డం రావద్దన్నట్టు జేబులోంచి విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

మోయిన్ ఎడమ కాలు గాల్లోకి లేచింది.

ఆ కాలిని నిందించి లాభం లేదు. దానికి నేర్పిందే అది. కుడి కాలు కూడా నేర్చుకున్న పని శ్రద్ధగా చేసింది. వెనక చక్రాలు ఒక్క కేక పెట్టి పొగలో మునిగాయి, కారు ముక్కు పైకెత్తింది, మల్లెదండలన్నీ ఒక్కసారే ఊడి గాల్లో తేలాయి. కారు సరాన్ని దాటిపోయాక ఆ సరం పేలింది. టపాకాయల పొగ, టైర్ల పొగ కలిసి రోడ్డంతా కమ్మేసింది. పొగ విడిపోయేసరికి అక్కడ ఎర్ర కాగితం ముక్కలున్నాయి, ఒక సెహరా ఉంది, పెళ్లికొడుకు లేడు.

"కారు పోయినాది" అన్నారు ముందు వరుసవాళ్లు. "పెళ్లికొడుకు పోయినాడు" అన్నారు వెనక వరుసవాళ్లు. మలుపులో టీ కొట్టు భీమన్న, కారు తన ముందునుంచే దూసుకుపోవడం కళ్లారా చూసినవాడు, ఉన్నమాటే చెప్పాడు. "పక్కన ఎర్ర లంగా పిల్ల ఉండాది. మంత్రాలయం దిక్కు పోయినారు."

ఈ మాట ఫోన్లలో షాదీఖానాకు చేరడానికి ఎంతసేపూ పట్టలేదు. బడే సాబ్ గేటు దగ్గర చేతి గడియారం వైపు చూస్తూ నిలబడి విన్నాడు. వచ్చినవాళ్లంతా ఆయన ముఖం చూడలేక తలలు దించుకున్నారు. లోపల సమ్రీన్ మెహందీ చేతులు ఒళ్లో పెట్టుకుని, "నవాజ్ అట్లాటోడు కాదు" అని ఒక్కమాట అంది. కానీ కళ్లు నిండిపోయాయి. ఆ నిమిషంలో ఆ హాల్లో నవ్విన మనిషి లేడు, ఈ కథలో నవ్వకూడని చోటు కూడా అదొక్కటే.

ఇక్కడ మోయిన్‌కు బ్రేకు గుర్తొచ్చేసరికి షాదీఖానాకు తిరగాల్సిన మలుపు వెనకపడింది, ఊరే వెనకపడింది. కారు చేల పక్కన ఆగింది. ఆగాక ఇంజన్ కూడా ఆగింది, కింద కాలిన నూనె వాసన గుప్పుమంది.

"ఏందన్నా ఇది" అన్నాడు నవాజ్.

"నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ దూకలేదు" అన్నాడు మోయిన్, తప్పు చేసినట్టూ సంతోషపడినట్టూ ఒకేసారి ముఖం పెట్టి. "వెనక్కి పోయి బరాత్‌లో కలుద్దామా?"

"మళ్లీ బరాత్‌లోకా?" నవాజ్ కారు దిగాడు. జేబులు తడుముకుంటే ఫోను కూడా ఎక్కడో పడిపోయింది. షేర్వానీ అంచులు పైకి పట్టుకుని, "నడుస్తా" అని షాదీఖానా వైపు పరుగు లాంటి నడక అందుకున్నాడు. కంగారులో చంకలో బొమ్మ ఉన్న సంగతి అతనికే తెలియదు. వెనక మోయిన్ చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికాడు.

గేటు దగ్గర అందరూ బరాత్ వచ్చే దిక్కుకే చూస్తున్నారు. పెళ్లికొడుకు చేల అడ్డదారిన ఎదురు దిక్కునుంచి, దుమ్ముకొట్టుకుని, ఎర్ర లంగా బొమ్మతో వచ్చి నిలబడ్డాడు. బడే సాబ్ ముందు బొమ్మను చూశాడు.

"మంత్రాలయం పోయిన పిల్ల ఇదేనా?"

"కారుకు కట్టిండే బొమ్మ మామా."

"బరాత్ యాడ?"

"వెనక వస్తాండాది మామా. వాళ్లతో ఉంటే లేటయితాదని నేను ముందొచ్చినా."

ఇది పూర్తిగా నిజం కాదు గానీ, అబద్ధం అనడానికీ లేదు. బడే సాబ్ గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. అజాన్‌కు ఇంకా వ్యవధి ఉంది. ఆయన పెదవులు కొంచెం కదిలాయి. సర్వీసంతా రైళ్లు ఆలస్యంగా రావడమే చూసిన మనిషి, మొదటిసారి బండిని వదిలేసి స్టేషనుకు ముందే చేరిన మనిషిని చూశాడు. ఉన్నపళంగా అల్లుణ్ని దుమ్ముతోనే గుండెకు హత్తుకున్నాడు.

"ఖాజీ సాబ్, కానియ్యండి" అన్నాడు.

బరాత్ జనం వెతుక్కుంటూ, రొప్పుతూ, జయన్న ట్రంపెట్ చంకన పెట్టుకుని అందరికంటే ముందు పరుగెడుతూ షాదీఖానాకు చేరేసరికి, నవాజ్ తండ్రిని ఎవరో బైకు మీద ముందే తెచ్చారు, నిఖా చదవడం అయిపోయింది, ఖర్జూరాలు పంచుతున్నారు. పారిపోయిన పెళ్లికొడుకు తలకు రుమాలు చుట్టుకుని పెళ్లి వేదిక మీద కూర్చుని ఒకటి నములుతున్నాడు. అప్పుడు జోహర్ అజాన్ వినిపించింది. తెర వెనక సమ్రీన్ గట్టిగా నవ్వింది, ఎవరూ వద్దనలేదు.

అమీరున్నీసా మోయిన్‌ను మూలకు పిలిచి చెవి పట్టుకోబోయింది. ఇంతలో బడే సాబ్ వచ్చి ఆమె ముందే అతని భుజం తట్టాడు. "ఏం కారప్పా అది. మనిషి మాట తప్పినా అది వేళ తప్పదు" అన్నాడు. పక్కనున్న నలుగురు పెళ్లీడు కొడుకుల తండ్రులూ ఆ మాట శ్రద్ధగా విన్నారు. అమీరున్నీసా చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు సర్దుకుని, అంతా తానే అనుకుని చేసినట్టు నవ్వింది.

మోయిన్ మిగిలిన రెండు రోజులూ షెడ్డులోనే పడుకుని, కాలిన నూనె మార్చి, కారును మళ్లీ నిలబెట్టాడు. ఆదివారం పొద్దున తాళం కోసం గోడ మేకు వైపు చెయ్యి చాపితే అక్కడ తాళం లేదు. వాకిట్లో పూలవాళ్లున్నారు. కారును అమీరున్నీసా ఇంకో బరాత్‌కు ఇస్తానని మాటిచ్చేసింది.