జింక ముక్కుకు జోహార్లు!

నన్నడిగితే మనిషిని మనిషిగా తీర్చిదిద్దేది చదువు కాదు, చర్చి కాదు, పెళ్లాం అంతకన్నా కాదు. జింక ముక్కు!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. మా విస్కాన్సిన్‌లో సెప్టెంబరు నడిమికి జింకల్ని విల్లుతో వేటాడే సీజన్ మొదలవుతుంది. ఆ ముందు రోజుదాకా ఉల్లిపాయలు తిని, బీరు తాగి, చొక్కాకు చేతులు తుడుచుకునే మొరటు మగాళ్లంతా తెల్లారేసరికి మునులైపోతారు. ఉల్లి మానేస్తారు. కాఫీ మానేస్తారు. చివరికి మాట్లాడటం కూడా మానేసి, చెట్టుకు ఇరవై అడుగుల ఎత్తున కట్టిన మంచె ఎక్కి, ఐదేసి గంటలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు. మా పాస్టరుగారు నలభై ఏళ్లు గొంతు చించుకున్నా రాని నిగ్రహం ఇది. దేనివల్ల వచ్చింది? నిన్న రాత్రి మీరేం తిన్నారో మూడు వందల గజాల అవతలి నుంచి కనిపెట్టగల ఒక ముక్కు వల్ల!

కొందరు గిట్టనివాళ్లు ఈ వాసన చంపే వ్యాపారం మీద ఏడుస్తుంటారు. మన తాతలు పశువుల కొట్టంలోంచి నేరుగా అడవికి పోయి జింకను కొట్టుకొచ్చేవాళ్లట. ఇప్పుడేమో వాసన లేని సబ్బు, వాసన లేని షాంపూ, బొగ్గుపొడి కూరి కుట్టిన చొక్కా, బట్టల్లోని కంపును తినేసే ఓజోన్ పెట్టె, చంకల్లో కొట్టుకోవడానికి వాసన లేని సెంటు! ఇదంతా వెర్రి అంటారు వాళ్లు. వాసన లేని సెంటు! అయ్యలారా, ఇంత గొప్ప ఊహ ఇంతకు ముందు ఏ జాతికైనా తట్టిందా? ఇది వెర్రి అయితే నాగరికత అని దేన్నంటారు?

నాలాంటి వాడికైతే అదొక వరం. ముప్ఫై ఎనిమిదేళ్లు చీజ్ ఫ్యాక్టరీలో పనిచేసి పోయిన వసంతంలో రిటైరయ్యాను. ఉద్యోగం వదిలింది గాని విరిగిన పాల వాసన వదల్లేదు. కాస్త చెమట పట్టిందా, అర మైలు మేర జింకలన్నిటికీ వెర్లిన్ వచ్చాడని కబురు అందిపోతుంది.

అసలు సంగతి చెప్పాలి. నేను మంచె కట్టుకున్న ఓక్ చెట్టు నాది కాదు. మా మామగారిది. ఆయన పోతూ పోతూ పొలాన్ని మా ఆవిడ ఆర్డిస్‌కీ, ఆవిడ తమ్ముడు డెల్మార్‌కీ ఉమ్మడిగా వదిలి పోయాడు. వాగు దాటిన ప్రతి జింకా ఆ చెట్టు కిందుగానే పోవాలి. అలాంటి చెట్టు జిల్లా మొత్తానికి ఇంకోటి లేదు. నాలుగేళ్లుగా దాని మీద కూర్చుంటున్నది నేను. నాలుగేళ్లుగా వట్టి చేతులతో దిగుతున్నదీ నేనే.

డెల్మార్ ఏం చేస్తాడంటే, అవతలి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. సిగరెట్టు కాలుస్తాడు. పంది మాంసం శాండ్‌విచ్ తింటాడు. నక్కను తొక్కి వచ్చినవాడిలా ఏటా ఒక జింకను కొడతాడు. ఈ ఆగస్టులో మా ఇంటికొచ్చి, నా సోఫాలో కూర్చుని, తేల్చేశాడు.

"బావా, ఆ మంచె మీద నీకంటే ఉడతలే నయం. అవి గింజలన్నా పట్టుకుపోతున్నాయి. ఈ ఏడు కూడా కొట్టకపోతే దిగిపో. నేనెక్కుతా."

"తుపాకుల సీజన్ మొదలయ్యే లోపల కొట్టి చూపిస్తాన్రా!"

"కొట్టకపోతే?"

"చెట్టు నీది. మళ్లీ దాని ఊసెత్తను."

"అక్కా, విన్నావుగా?"

ఆర్డిస్ ఫోన్లోంచి తలెత్తలేదు. "విన్నాను. మీరిద్దరూ ఏదో ఒకటి ఏడవండి," అంది.

అలా నాకు తొమ్మిది వారాలు గడువు పడింది. కొట్టాల్సిన జింక కూడా ఖాయమైపోయింది. కొమ్ములకు మొత్తం ఎనిమిది మొనలు, ఎడమ పక్క మొన ఒకటి వంకర. చందా పళ్లెం పట్టుకుని నడిచే చర్చి పెద్దలా మెడ నిక్కించి నెమ్మదిగా నడుస్తుంది గనక దానికి డీకన్ అని పేరు పెట్టాను.

ఇక నా తపస్సు మొదలైంది. వంటసోడాతో పళ్లు తోముకున్నాను. నోటి వాసన పోవడానికి పచ్చి యాపిళ్లు నమిలాను. బట్టలు విడిగా ఉతికాను. ఎందుకంటారా? మామూలు సబ్బుపొడిలో తెల్లగా మెరిపించే మందేదో ఉంటుంది. అది మన కంటికి ఆనదు గాని జింక కంటికి చొక్కా దీపంలా వెలుగుతుందట! ఉతికిన బట్టల్ని ఓక్ ఆకులూ మట్టీ నింపిన డబ్బాలో పెట్టాను. మంచె మీద బెల్టు బకిల్ టింగుమనకుండా గుడ్డ చుట్టాను. గాలివాటం చూడటానికి జేబు నిండా జిల్లేడు దూది లాంటి దూది వేసుకుని, పావుగంటకో పింజె వదిలాను.

ఆ బట్టలు ఇంట్లో తొడుక్కుంటే ఇంటి వాసన అంటుకుంటుంది. కాబట్టి పొలం గట్టున, కారు పక్కన, లోదుస్తులతో నిలబడి మార్చుకునేవాణ్ని. ఒక రోజు మా పక్కింటి లవాన్ పికప్ ఆపి అద్దం దించింది. డెబ్భై ఆరేళ్ల మనిషి, ఆవిడకు అన్నీ కావాలి.

"ఏం వెర్లిన్, ఆర్డిస్ గెంటేసిందా?"

"లేదండీ. జింకలు పసిగట్టకుండా."

"వాసన సంగతి సరే నాయనా, ఆ తెల్లటి కాళ్లు చూసి పారిపోవూ?"

ఆవిడకు శాస్త్రం తెలియదు. వదిలేశాను.

శుక్రవారం చేపల వేపుడు కూడా మానేశాను. ఈ ఒక్క వాక్యం విని మా వాళ్లు టోపీ తీసి గుండెకు పెట్టుకుంటారు. శుక్రవారం సాయంత్రం క్లబ్బులో బ్రాందీ కలిపిన గ్లాసు, వేయించిన చేప, రై రొట్టె, క్యాబేజీ తురుము లేకుండా ఏ విస్కాన్సిన్ మనిషైనా బతికాడా? నేను బతికాను. ఎనిమిది శుక్రవారాలు బతికాను. నా కుర్చీలో డెల్మార్ తన కోటు పెట్టుకునేవాడని తర్వాత తెలిసింది.

ఆఖరికి పడక కూడా గరాజ్‌లోకి మార్చుకున్నాను. దుప్పట్లకు ఆర్డిస్ లావెండర్ నీళ్లు చల్లుతుంది. లావెండర్ వాసనేస్తున్న వేటగాణ్ని జింక ఏమనుకుంటుంది?

"ఆర్డిస్, ఈ సీజన్ అయ్యేదాకా నేను గరాజ్‌లో పడుకుంటాను," అన్నాను, ఏమంటుందోనని భయపడుతూ.

"మంచిది. గురక తప్పుతుంది," అంది. తలగడ కూడా తనే తెచ్చిచ్చింది.

ఇక ఫలితాలు వినండి. మూడో వారానికి దోమలు నన్ను కుట్టడం మానేశాయి. నాలుగో వారం ఇనుప సామాన్ల కొట్టుకు వెళితే దానంతటదే తెరుచుకునే తలుపు నాకు తెరుచుకోలేదు. వెనక ఇంకొకాయన వచ్చేదాకా ఆగి, ఆయన నీడలో లోపలికి దూరాను. ఏమి సుఖం! సేల్స్‌మన్ ఒక్కడూ వెంటపడలేదు. చర్చిలో ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే ఆయన నా ముక్కు మీదుగా వేలు పోనిచ్చి, అవతలి వాళ్లను లెక్కపెట్టుకున్నాడు. మంగళవారం పేకాటలో మేం ఐదుగురం. నేను కూర్చునే ఉన్నాను, నలుగురికే ముక్కలు పంచారు. ఓడిపోయే ప్రమాదమే లేదు!

డాక్టరు దగ్గర నర్సు గదిలోకి తొంగి చూసి, ఎవరూ లేరనుకుని లైటు తీసేసి వెళ్లింది. చీకట్లో హాయిగా ఒక కునుకు తీశాను. అడవిలో చెట్టుకు నేనే ఒక కెమెరా కట్టాను, అటు పోయే ప్రాణి ఏదైనా ఫొటో తీస్తుంది. రక్కూన్లు పడ్డాయి, టర్కీ కోళ్లు పడ్డాయి, లవాన్ వాళ్ల పిల్లి పడింది. రోజుకు రెండుసార్లు దాని ముందు నడిచిన నేను ఒక్క ఫొటోలో కూడా పడలేదు!

ఇంట్లో అయితే స్వర్గమే. ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్లు లేరు. బూట్లు విప్పమనేవాళ్లు లేరు. ఒకరోజు నేను వంటింటి బల్ల దగ్గర కూర్చునుండగానే ఆర్డిస్ తన స్నేహితురాలికి ఫోన్ చేసింది. "ఇంట్లో ఎవరూ లేరు, చెప్పు," అంది. చూశారా, నా విద్య ఎక్కడిదాకా వచ్చిందో! జింకను దృష్టిలో పెట్టుకుని నేర్చినదే, కానీ అంతటా పనిచేస్తోంది. ఒళ్లు పులకరించింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, అదీ ఆ పులకరింత వల్లే అనుకున్నాను కాసేపు.

ఆఖరి శుక్రవారం వచ్చింది. మర్నాడు తెల్లారితే తుపాకుల సీజన్, ఊరూరా వేటగాళ్ల నారింజరంగు కోట్లు. ఇవాళ కొడితే చెట్టు నాది, లేకపోతే డెల్మార్‌ది. మధ్యాహ్నం రెండింటికే మంచె ఎక్కాను. గాలి వాయవ్యం నుంచి, నేను కోరుకున్నట్టే. దూదిపింజె వదిలితే జింకలు రాని వైపుకే తేలిపోయింది.

నాలుగు గంటలకు డీకన్ వచ్చింది.

వాగు దాటింది. మెడ నిక్కించింది. గాలిని వాసన చూసింది. దానికి ఏమీ అందలేదు! పాలు లేవు, ఉల్లి లేదు, వెర్లిన్ లేడు. తిన్నగా నడిచి చెట్టు మొదటికి ఎనిమిది అడుగుల దూరానికి వచ్చి, ఓక్ కాయలు తినసాగింది. దాని తల మాను చాటుకు వెళ్లగానే చప్పుడు లేకుండా విల్లు పూర్తిగా లాగాను. అది మళ్లీ ఇవతలికి వచ్చి పక్క చూపిస్తూ నిలబడింది. నాలుగేళ్ల ఎదురుచూపు, తొమ్మిది వారాల తపస్సు, చెట్టు, డెల్మార్ మొహం, అన్నీ నా చూపుడువేలి కింద ఉన్నాయి.

దాని కనురెప్పల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. తడి ముక్కు కనిపిస్తోంది. అది చెవి గోక్కుంది. ఆవులించింది. నా వైపే ఒకసారి చూసి, నాలోంచి అవతలి కొమ్మల్ని చూసి, మళ్లీ కాయల మీద పడింది.

ఇదీ నన్ను చూడలేదే అనిపించింది.

ఏం చెప్పమంటారు? గెలిచిన క్షణం అది. గంతులేయాలి. నాకేమో దీని కోసమే కదా ఇంత చేశాను, ఇదన్నా ఒక్కసారి నన్ను గుర్తించకూడదా అనిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

దగ్గాను.

డీకన్ తల చివాలున లేచింది. రెండు చెవులూ నా వైపు, రెండు కళ్లూ నా వైపు, ఒంటి మీద వెంట్రుకలన్నీ నా వైపు! కాలు నేలకేసి కొట్టింది. నిండుగా, నిలువునా, పై నుంచి కింది దాకా నన్ను చూసింది. అంత శ్రద్ధగా నన్నెవరైనా చూసి ఎన్నాళ్లయిందో. ఆ సంతోషంలో బాణం వదలడం మరిచిపోయాను. తెల్ల తోక ఎత్తి అది వాగు దాటిపోయాక గాని చేతులు నొప్పి పెడుతున్న సంగతి తెలియలేదు.

దిగి తిన్నగా క్లబ్బుకు వెళ్లాను. బొగ్గుపొడి చొక్కాతోనే. డెల్మార్ కోటు తీసి పక్కన పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. క్యాబేజీ వచ్చింది, రొట్టె వచ్చింది, బల్ల దగ్గర వాళ్ల కబుర్లు సాగుతున్నాయి, ఎదురుగా ఆర్డిస్ ఫోన్ చూసుకుంటోంది. చేప వచ్చాక డెల్మార్ తన కోటు కోసం చెయ్యి చాచి ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావు బావా?"

"ఇందాకే."

"కొట్టావా?"

"చెట్టుకు ఎనిమిది అడుగుల్లోకి వచ్చింది. విల్లు లాగాను. దగ్గాను."

"దగ్గావా!" వాడి చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "జలుబా?"

"కాదు."

"మరెందుకు బావా, ఎనిమిది అడుగుల్లో పెట్టుకుని?"

"నన్ను చూస్తుందేమోనని."

డెల్మార్ ఆర్డిస్ వంక చూశాడు, నా వంక చూశాడు, తన పళ్లెంలోకి చూసుకున్నాడు.

"చూసిందా?" అన్నాడు మెల్లగా.

"చూసింది."

"సరే," అన్నాడు. చేప ముక్క తుంచుకుంటూ, "చెట్టు మాత్రం నాదే," అన్నాడు.

నీదేలే అన్నాను. మాటంటే మాటే. రేపు వాడు ఆ మంచె మీద పంది మాంసం నములుతూ కూర్చుని, మధ్యాహ్నానికల్లా డీకన్‌ను కొట్టేస్తాడని నాకు తెలుసు. అయినా నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు. జింకకు దొరక్కుండా ఉండటం ఎంత కష్టమో తొమ్మిది వారాల పాటు నిరూపించాను. మనుషులకు దొరక్కుండా ఉండటానికి సబ్బులు, ఓజోన్ పెట్టెలు అక్కర్లేదని కూడా పనిలో పనిగా తేలింది.

ఇంతలో ఆర్డిస్ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. తల కొంచెం పక్కకు వంచి, కళ్లు చికిలించి, నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"గడ్డం ఎప్పుడు తీసేశావు?" అంది.

ముప్ఫై ఏళ్ల గడ్డం. వెంట్రుకల్లో వాసన నిలుస్తుందని సెప్టెంబరు పదిహేనున గీసేశాను.