నల్లా లైను, ఆఖరి లైను

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఇక మిగిలిందేమిటా అని ఆలోచించి 'శాసనసభ్యుల శాస్త్రీయ సహచర పథకం' కనిపెట్టింది. నియమావళి మొదటి పేరా ప్రకారం ప్రతి ఎమ్మెల్యే పక్కన ఒక శాస్త్రవేత్త ఏడాదిపాటు ఉంటాడు. శాస్త్రం ఆయన చెవిలో పడుతుంది, శాసనమై నోట్లోంచి వస్తుంది. (ఈ రెంటి మధ్యా ఉండే అవయవం గురించి నియమావళి మౌనం వహించింది.) నా మటుకు నాకు ఈ ఫెలోషిప్పులో ఫెలోని నేనే. షిప్పు ఇంకా కనబడలేదు.

ఇరవై రెండేళ్లు శామీర్‌పేట దగ్గరి ఒక ప్రయోగశాలలో నీళ్లు పరీక్షించినవాణ్ణి కాబట్టి నన్ను ఎమ్మెల్యే చక్రపాణి గారికి కేటాయించారు. సుచిత్రలో ఉన్న ఆయన క్యాంపు ఆఫీసులో నాకొక కుర్చీ ఇచ్చారు. నేను కూర్చునేలోపు పింఛను కోసం వచ్చిన పెద్దాయన అందులో కూర్చున్నాడు. మొదటి రెండు నెలలూ ఎమ్మెల్యే గారి తరఫున తొమ్మిది గృహప్రవేశాలకు హాజరయ్యాను. ('సైన్సు సారు' అని పరిచయం చేసి, వాస్తు చూడమన్నారు.) తెలుగులో 'శాస్త్రానికి' అనే మాటకు పూర్తి అర్థం నాకు అప్పుడు బోధపడింది.

మూడో నెలలో గంగమ్మ వచ్చింది. అలియాబాద్ అవతల ఒక కొత్త కాలనీలో ఉంటుంది. చేతిలో సీసా, సీసాలో వాళ్ల గల్లీ బోరు నీళ్లు.

"సారూ, గీ నీళ్లతోనే నా మన్మరాలికి డబ్బ పాలు కలుపుతున్నం. నాలుగు నెలల పోరి. పెదాలు నీలంగ అయితున్నయి. డాక్టరమ్మ నీళ్లు మార్చుమన్నది. యాడికెళ్లి మార్చాలె? క్యాన్ల బండి ఒకనాడు వస్తది, ఒకనాడు రాదు. నల్లా పైపేమో పెద్ద రోడ్డు కిందికెళ్లి పోతాంది, మా గల్లీకి మలుపలే. ఎమ్మెల్యే సారుకు జెర చెప్పరాదు?"

పరీక్షించాను. నైట్రేట్ ఉండదగ్గ పరిమితికి మూడు రెట్లు ఉంది. పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేసేది అదే. 'ఈ గల్లీకి నల్లా వేయండి' అని చీటీ మీద నాలుగు మాటలు రాస్తే సరిపోయే సంగతి. నేను నలభై ఒక్క పేజీలు రాశాను. (బోరు గురించి రాసేటప్పుడు బోరు కొట్టకూడదని మాకు ఎవరూ నేర్పలేదు.) ఆ నాలుగు మాటలు కూడా రాశాను, ఇరవై తొమ్మిదో పేజీలో, ఒక పట్టిక కింద, చిన్న అక్షరాల్లో. ఇక చివర, ఇరవై రెండేళ్లుగా ప్రతి వ్యాసం చివరా నా చేయి నన్నడగకుండా రాసే వాక్యాన్ని మళ్లీ రాసింది: 'ఈ విషయమై మరింత లోతైన పరిశోధన అవసరం.' మా వృత్తిలో ఇది ఉత్తరం చివర 'ఇట్లు' లాంటిది.

నివేదిక ఇచ్చిన ఎనిమిది రోజుల తర్వాత ఎమ్మెల్యే గారి పీఏ గౌరయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సార్, మీ పని అయింది! సారు సంతకం జేసిండు. మిఠాయి ఎప్పుడు?"

"నల్లా మంజూరైందా?"

"నల్లా ఏంది సార్? పరిశోధన! ఇంకో ఏడాది. మీ ఫెలోషిప్ గూడ పెంచిండ్రు. వచ్చే నెల గా గల్లీల పైపు పని ఉండె. గది గూడ ఆపుమన్నడు, మీ పరిశోధనకు అడ్డం రావొద్దని."

"గౌరయ్య గారూ, ఇరవై తొమ్మిదో పేజీ చూశారా?"

"మేం గట్ల సూడం సార్. మా దగ్గరికొచ్చే ఏ దరఖాస్తయినా ముంగట మూడు పేజీలు దండాలు, పొగడ్తలే. అడిగేది ఆఖరి లైన్ల ఉంటది. ముప్పై ఏండ్ల సంది ఆఖరి లైనే సదువుతున్న. ఒక్కసారి గూడ తప్పు గాలే."

ఈసారీ కాలేదు. నేను అడిగిందే ఇచ్చారు.

పరుగెత్తాను. ఎమ్మెల్యే గారు పేట్ బషీరాబాద్‌లో ఏదో పెళ్లికి కారెక్కుతూ, వెంట ఉన్న ఫోటోగ్రాఫరు వైపు చూసి, నా భుజం మీద చేయి వేశారు.

"సైంటిస్ట్ సాబ్, మీరడిగితే కాదంటనా? నా దగ్గరికి అందరు నల్లాలు, రోడ్లు అడగనీకే వస్తరు. పరిశోధన అడిగినోళ్లు మీరొక్కరే. దిల్ ఖుష్ అయింది!"

'పరిశోధన అక్కర్లేదు సార్' అనాలి. అంటే నా ఆఖరి లైను తప్పని ఫోటోగ్రాఫరు ముందు ఒప్పుకోవాలి. నీటి నిపుణుణ్ణి కదా, నీళ్లు నమిలాను. 'మరో కోణంలోంచి చూస్తే...' అని మొదలుపెట్టాను. కోణం పూర్తయ్యేలోపు కారు మలుపు తిరిగింది.

నివేదికను సవరించుకోవడానికి నియమావళిలో ఒక దారి ఉంది. ముగ్గురు తోటి శాస్త్రవేత్తలు సమీక్షించి ఒప్పుకోవాలి. పంపాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన ఈ సవరణపై మరింత పరిశోధన అవసరమన్నారు.

శనివారం గంగమ్మ ఇంటికి వెళ్లి పరిస్థితి వివరించాను. 'అధ్యయనం' అనే మాట ఆరుసార్లు వాడాను. ఆమె ఒళ్లో పాపను ఊపుతూ అంతా విన్నది.

"అయితే ఏడాది దాక మా పోరి ఏం తాగాలె సారూ?"

చాలా మంచి ప్రశ్న. అధ్యయన లక్ష్యాల్లో ఏడోదిగా చేర్చాను.