రెండు గుడ్డలు, రెండు బక్కెట్లు

ఆ రోజు పొద్దున్న టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. సోడియం ముక్కని నీళ్లలో వేస్తే ఒళ్లు తెలియకుండా పరుగెడుతుంది. కాల్షియాన్ని వేస్తే అడుగున కూర్చుని నింపాదిగా బుడగలు వదులుతుంది. ఆ తేడా పిల్లల చేత చెప్పిస్తే, మూడేళ్లుగా వేలాడుతున్న ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. చెప్పించలేకపోతే రేపట్నుంచి ఇంట్లోనే.

కానీ ఆ ల్యాబుకి ఒక అటెండరు బాబాయి ఉన్నాడు కదా! కుళాయిని కూడా కడిగే మనిషి. అలాంటాయనకి కిరసనాయిలు కంపు కొట్టే సీసా కనబడింది. ఊరుకుంటాడా? సోడియానికి గాలీ తడీ తగలకుండా పోసి ఉంచిన కిరసనాయిలంతా ఒంపేశాడు. లోపలి సోడియం ముక్కల్ని ఒక గుడ్డతో పరపరా రుద్ది, పొడి గిన్నెలో పేర్చాడు. ఊపులో ఉన్నాడేమో, పక్క సీసాలో కాల్షియాన్ని కూడా ఇంకో గుడ్డతో తోమిపారేశాడు.

"బాబాయ్, ఇందులో కిరసనాయిలేదీ?" టీచరమ్మ ఖాళీ సీసా ఎత్తి చూపించింది.

"పారబోశానమ్మా. పెద్దమనిషి వస్తుంటే ఆ కంపేమిటి? ఇదిగో, ఈ గుడ్డలు కూడా జాడించేస్తే..."

"జాడించకు!"

అప్పటికే గుడ్డలు చెరో బక్కెట్లో పడ్డాయి. సరిగ్గా అప్పుడే హెడ్‌మాస్టరు, ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చారు.

మొదటి బక్కెట్టు బుస్సుమంది. టప్, టపటప్! పసుప్పచ్చటి మంటలు లేచాయి. బాబాయి హడలిపోయి గుడ్డని పైకి లాగి విసిరాడు. అది పోయి పోయి ఇన్‌స్పెక్టరు బూట్ల ముందు పడి చిటపటలాడింది. ఆయన చెంగున స్టూలెక్కాడు. హెడ్‌మాస్టరు నీళ్ల జగ్గందుకున్నాడు.

"నీళ్లు పొయ్యకండి సార్!"

"మంటమీద నీళ్లు కాక పాలు పొయ్యమంటారా అమ్మా?" అని ఆయన మొత్తం గుమ్మరించాడు.

గుడ్డలో మిగిలిన నలుసులన్నీ ఒక్కసారిగా ఫట్‌మన్నాయి. హెడ్‌మాస్టరు బల్లకిందికి దూరాడు. ప్యూను గణగణా గంట కొట్టాడు. మొదటి బక్కెట్టు ఇంకా టపటపలాడుతుండగానే బడి మొత్తం వచ్చి కిటికీలకి అతుక్కుంది. టీచరమ్మ సోడియం గిన్నెని నెత్తిమీదికెత్తి పట్టుకుని, కొంప మునిగిందనుకుంటూ నిలబడింది.

ఇన్‌స్పెక్టరు స్టూలు దిగకుండానే, నింపాదిగా బుడగలు వదులుతున్న రెండో బక్కెట్టు వైపు వేలు చూపించాడు. "అది... అదెందుకు ఊరుకుంది?"

కిటికీల్లోంచి పదో తరగతి గొంతులు లేచాయి. "అది కాల్షియం సార్! బయటి వరసలో రెండు ఎలక్ట్రాన్లుంటాయి, రెండూ వదులుకోవాలంటే తాత్సారం చేస్తుంది. సోడియానికి ఒకటే సార్, ఇట్టే వదిలేస్తుంది!"

"మరి కత్తితో కోస్తే?"

"సోడియం వెన్నలా తెగుతుంది. కాల్షియం మొండిది సార్!"

ఇన్‌స్పెక్టరు మొహం విచ్చుకుంది. "పదిహేడు బళ్లు తిరిగాను. అందరూ పుస్తకం అప్పజెప్పారు. కళ్లతో చూసి చెప్పింది వీళ్లే!" అని, స్టూలు మీదే నిలబడి పర్మనెంటు కాయితం మీద సంతకం పెట్టాడు.

రిపోర్టు అడుగున మాత్రం ఒక్క సలహా రాశాడు: "ల్యాబులో శుభ్రత కొంత తగ్గించవలెను."