అగ్నిగోడ లోపలి పెళ్లికొడుకు

మానవజాతి పెళ్లిని కనిపెట్టింది. పెళ్లికి కాగితం కావాలని ప్రభుత్వం కనిపెట్టింది. కాగితానికి సర్వరు కావాలని కంప్యూటర్లవాళ్లు కనిపెట్టారు. ఆ సర్వరుకు కూడా పెళ్లి కావాలని కనిపెట్టిన కీర్తి మాత్రం మా సిద్దిపేటది. అందులో ఎవరికీ వాటా ఇచ్చేది లేదు.

నా పేరు ఓంప్రకాశ్. జిల్లా శుభకార్య నమోదు కేంద్రం గేటుకు ఎదురుగా నాకు జిరాక్స్ దుకాణం ఉంది. (దేశంలో ఏ సంస్కరణ వచ్చినా ముందు బాగుపడేది జిరాక్స్ దుకాణమే. కాబట్టి ఆఫీసును తిట్టినప్పుడల్లా ఉప్పు తిన్న ఇంటినే తిడుతున్నానని నాకు తెలుసు. అయినా తిడతాను.)

మా చెల్లెలి కూతురు భువనకు ఈమధ్యనే పెళ్లయింది. అల్లుడు నరేందర్‌ది గజ్వేల్, మస్కట్‌లో ఏసీ మెకానిక్. జాతకాలు చూడలేదు. చూడాలంటే ముందు జాతకం ఉండాలి గదా! పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగితే చిన్నకోడూరులో ఉండే మా అవ్వ అంజవ్వ, "దూడలు మేతకు పోయిన యాళ్లకు" అంటుంది. ఆ లగ్నం ఏ పంచాంగంలోనూ దొరకలేదు. పిల్లా పిల్లగాడూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వుతోనే పొంతన కుదిరిందని పెద్దమనుషులు తేల్చేసి అన్నానికి లేచారు.

చిక్కల్లా ఒక్కటే. నరేందర్ సెలవు శుక్రవారంతో ఆఖరు. పెళ్లి సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే అతను అక్కడికి పోయి భువన వీసాకు అర్జీ పెట్టగలడు. లేకపోతే మళ్లీ సెలవు దొరికేదాకా, అంటే రెండేళ్లు, ఈ పిల్ల మొగుణ్ణి ఫోన్లోనే చూసుకోవాలి. సోమవారం పొద్దున ఇద్దరినీ వెంటబెట్టుకుని, రోడ్డు దాటి, ఆఫీసుకు పోయాను. తలుపు మీద కాగితం అంటించి ఉంది: "భద్రతా కారణముల వలన సేవలు నిలిపివేయబడినవి. అసౌకర్యమునకు సంతసించుచున్నాము." (చింతించుచున్నాము అని ఉండాలి. దిద్దుదామా అనుకున్నాను. మళ్లీ ఆలోచిస్తే, ఆ ఆఫీసు రాసిన వాటిలో అదొక్కటే నిజమనిపించి వదిలేశాను.)

అసలు జరిగింది ఇది. ఆ ఆఫీసులో తొమ్మిదేళ్ల పాత సర్వరు ఒకటి ఉంది. సౌమ్య అనే ఆపరేటరమ్మాయి దాని మీద 'శుభం' అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి చప్పుడు లేకుండా నడుపుకొస్తోంది. ఉదయం అర్జీ పెడితే మధ్యాహ్నానికి కాగితం వచ్చేది. ప్రభుత్వ ఆఫీసులో పని ఇట్లా జరుగుతూ ఉంటే పైవాళ్లకు అనుమానం రాదా? వచ్చింది. భద్రత గురించి ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ తయారైంది. దాన్ని రాజభాషా పరిరక్షణ ఉపసంఘం ఒక్క పరాయి మాట కూడా మిగలకుండా తెలుగు చేసి జిల్లాలకు పంపింది.

"తెరచియున్న మూలమును వాడు కార్యాలయములు తమ సర్వరును గట్టిపరచి, దాని చుట్టూ అగ్నిగోడ నిర్మించి, సర్వరునకు సాఫ్ట్‌వేరుకు పొంతన కలదని ధ్రువపత్రము పొందిన పిదప మాత్రమే సేవలు పునఃప్రారంభించవలెను."

(ఇంగ్లీషులో ఉన్న 'కంపాటిబిలిటీ'కి వచ్చిన మాట పొంతన. 'సర్వరు', 'సాఫ్ట్‌వేరు' అనే రెండు మాటలకు ఉపసంఘంలో ఏకాభిప్రాయం కుదరక అట్లాగే వదిలేశారని తర్వాత తెలిసింది.)

ఆఫీసరు రాజేంద్రప్రసాద్ గారు మంచి మనిషి. సర్క్యులర్లో ఉన్నది చేస్తారు. లేనిది చేయరు. ఆ రెండో గుణంతోనే జనం చస్తుంటారు. మేం పోయేసరికి ఆయన సౌమ్యను నిలబెట్టి అడుగుతున్నారు.

"ఓపెన్ సోర్స్ అంటే ఏందమ్మా? తెరిచి పెట్టుడేనా?"

"తలుపు తెరిచి పెట్టుడు గాదు సార్. గా సాఫ్ట్‌వేర్ ఎట్ల రాసిన్రో ఎవ్వలైనా చూడొచ్చు. తప్పుంటే చెప్పొచ్చు, దిద్దొచ్చు."

"ఎవ్వలైనా చూడొచ్చునా?"

"చూడొచ్చు సార్. అందరు చూస్తరు గాబట్టే తప్పు జల్ది దొరుకుతది."

రాజేంద్రప్రసాద్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏండ్ల సర్వీసుల గిసుంటి ముచ్చట మొదటిసారి వింటున్న. ఆఫీసుల ఉన్నది జనం చూసుడేంది! వెంటనే గట్టిపరచాలె."

గట్టిపరచడానికి చంద్లాపూర్ నుంచి ఉప్పలయ్య మేస్త్రి వచ్చాడు. సర్వరును ఆపి, కింద సిమెంటు గద్దె కట్టి, దాని మీద పెట్టాడు. ఇక అగ్నిగోడ. సౌమ్య మొత్తుకుంది. "సార్, ఫైర్‌వాల్ అంటే ఇటుకల గోడ గాదు, అది గుడ సాఫ్ట్‌వేరే. మనకాడ ఎప్పటిసంది ఉన్నది."

"కనిపిస్తదా?"

"కనిపియ్యది సార్."

"తనిఖీకి వచ్చినోళ్లకు కనిపియ్యని గోడను ఏమని చూపియ్యాలె? నువ్వే చెప్పు."

ఆ ప్రశ్నకు జవాబు ఏ కంప్యూటర్ కోర్సులోనూ చెప్పరు. మంగళవారానికి సర్వరు చుట్టూ నాలుగు పక్కలా, కింది నుంచి స్లాబు దాకా గోడ లేచింది. ఆఖరి వరస పెట్టే ముందు ఉప్పలయ్య తాపీ ఆపి ఒక మాట అడిగాడు. "సార్, తలుపు ఎటుదిక్కు పెట్టాలె?"

రాజేంద్రప్రసాద్ గారు సర్క్యులర్‌ను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివారు. "తలుపు రాయలే" అన్నారు. ఉప్పలయ్య ఆయన దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు, ఇంత సున్నం తిన్నవాడి మొహం పెట్టుకుని ఆఖరి ఇటుక పెట్టేశాడు. ఎస్టిమేట్‌లో ఒక కిటికీ ఏసీ ఉండటం వల్ల అది పట్టేంత సందు మాత్రం మిగిలింది. ఆఫీసులో మూలన పడి ఉన్న పాత ఏసీని అందులో దోపారు. దేశంలో ఇంత భద్రమైన సర్వరు ఇంకొకటి ఉండదని నేను రాసిస్తాను. దొంగలే కాదు, దాన్ని నడపాల్సిన సౌమ్య కూడా లోపలికి పోలేదు. (పాస్‌వర్డ్ రాసిన చీటీని మాత్రం గోడకు బయటివైపు అంటించారు. లోపలివైపు అంటిస్తే చదివేదెవరు?)

"మామా, శుక్రవారం దాక అయితదా?" అని భువన నా చెవిలో అడిగింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రాజేంద్రప్రసాద్ గారి ముందుకు పోయి, "సార్, పెండ్లయిన పిల్ల. కొంచెం చూడున్రి" అన్నాను. గట్టిగానే అందామనుకున్నాను. తీరా నోట్లోంచి అదే వచ్చింది.

"ఒక్కటే మిగిలింది ఓంప్రకాశ్ గారూ, పొంతన. గది గాంగనే మీదే మొదటి నంబరు" అన్నారాయన.

పొంతన చూడగలిగే అధికారి ఏ శాఖలోనూ లేరు. పొంతన చూడటం వచ్చినవాళ్లు ఊళ్లో ఒక్కరే, కాశీనాథం పంతులు. బుధవారం ఆయన పంచాంగం చంకలో పెట్టుకుని వచ్చి గోడ ముందు పీట వేసుకున్నారు.

"పిలగాడు పుట్టిన యాళ్ల?"

సర్వరు మొదటిసారి లేచిన సమయం సౌమ్య దగ్గర సెకండ్లతో సహా ఉంది. పంతులు మురిసిపోయారు. "శానా ఏండ్లకు గింత సక్కగ యాళ్ల రాసుకున్నోళ్లను చూస్తున్న" అన్నారు. భువనా నేనూ దూడల సంగతి తల్చుకుని తలొంచుకున్నాం.

"పిల్ల తల్లిదండ్రులు?"

"శుభానికా అయ్యగారూ? వేలమంది. దేశదేశాలోళ్లు తలా ఇంత రాసిన్రు."

పంతులు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. ఎంతైనా అనుభవం ఉన్న మనిషి, తట్టుకున్నారు. "గోత్రం తెల్వనోళ్లకు కాశ్యప గోత్రం చెప్తం. మరి పిలగానిది?"

"పిలగానిది గుడ తెల్వదు."

"అయితే గాయిన గుడ కాశ్యపుడే. ఇద్దరు సగోత్రీకులైన్రు. అన్నాచెల్లెండ్ల వరస! ఈ లగ్గం కుదరదు."

రాజేంద్రప్రసాద్ గారికి చెమటలు పట్టాయి. నేను కూడా ఆందోళనగా ముందుకు వంగానంటే నాకే సిగ్గుగా ఉంది కానీ, వంగాను. చివరికి పంతులే దారి చెప్పారు. సర్వరును ఆఫీసుకు అమ్మింది బజార్లోని దత్తాత్రి సేఠు. ఆయనకు ఫోన్ చేసి, సర్వరును దత్తత కొడుకుగా ఒప్పించి, ఆయన గోత్రం పెట్టారు. (సేఠు ముందు అడిగిన మాట, "ఆస్తిల వాటా అడుగడు గదా?") ముప్పై ఆరు గుణాలకు సరిగ్గా పద్దెనిమిది కుదిరాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే పంతులు వేలు ఎత్తారు.

"పిలగానికి కుజదోషం ఉన్నది. ఒంట్ల వేడి."

"గది నిజమే అయ్యగారూ, శానా వేడెక్కుతది" అంది సౌమ్య. మూడు రోజుల్లో ఆ అమ్మాయి ఒప్పుకున్న మొదటి మాట అదే.

"చల్లబరుసుడే శాంతి. శాంతి అయినంకనే లగ్గం."

ఏసీ ఆన్ చేశారు. అది ఒకసారి దగ్గి ఊరుకుంది. మెకానిక్ కోసం పై ఆఫీసుకు రాయాలనీ, జవాబుకు నెల పడుతుందనీ రాజేంద్రప్రసాద్ గారు బాధగా చెప్పారు. అప్పటిదాకా మూల బెంచీ మీద కూర్చున్న మా అల్లుడు లేచి చొక్కా చేతులు మడిచాడు.

"నేను ఏసీ మెకానిక్‌నే సార్."

స్క్రూడ్రైవర్ నా దుకాణం నుంచి తెచ్చాను. నరేందర్ ఏసీని సందులోంచి బయటికి లాగి, చెమట తుడుచుకునే దస్తీ భువన చేతికిచ్చి, తల దూర్చాడు. తర్వాత భుజాలు. తర్వాత చెప్పులు కూడా మాయమయ్యాయి.

"ఇదేంది! లోపలికి పోవుడేనా!" అని రాజేంద్రప్రసాద్ గారు లేచారు.

"ఏసీ వైరు లోపలిదిక్కు ఎట్లున్నదో చూడాలె గద సార్" అంది సౌమ్య, కళ్లు కూడా ఆర్పకుండా. తర్వాత సందులోకి వంగి మెల్లగా, "అన్నా, ఎడమదిక్కు గుండ్రటి బటన్. నొక్కి పట్టుకోన్రి" అంది.

లోపల బుయ్యిమని మోత లేచింది. సౌమ్య టేబుల్ మీద తెర వెలిగింది. భువన చప్పట్లు కొట్టబోయి, ఆఫీసని గుర్తొచ్చి, చేతులు కొంగులో దాచుకుంది. కానీ మాది మొదటి నంబరు కాదని అప్పుడే తెలిసింది. ముందు పొంతన ధ్రువపత్రం రావాలి. ఏసీ తీసిన సందులోంచి గాలి ఆడుతోంది కనుక శాంతి అయినట్టేనని పంతులు తేల్చారు. ఆ ఆఫీసులో ఉన్న ధ్రువపత్రం ఒకే ఒక్క రకం, పెళ్లిది. అందుకని దాన్నే నింపారు. వరుడు, సర్వరు. వధువు, శుభం. వరుడి చిరునామా, అగ్నిగోడ లోపల. వయసు దగ్గర మళ్లీ ఆగింది.

"తొమ్మిదేండ్లా! బాల్యవివాహం కింద నన్ను లోపలేస్తరు!"

"సర్వర్లల్ల తొమ్మిదేండ్లంటే ముసలోడే సార్. ఎప్పుడో రిటైర్ గావాలె."

వచ్చే ఏడు రిటైరయ్యే రాజేంద్రప్రసాద్ గారు ఆ గోడ వైపు కాసేపు ఆప్యాయంగా చూసి, సంతకం పెట్టారు. సాక్షులం పంతులు, గోడ కూలి డబ్బుల కోసం వచ్చిన ఉప్పలయ్య, నేను. 'వరునితో బంధుత్వము' అన్నచోట ఏం రాయాలో తోచక 'ఎదురింటివాడు' అని రాశాను. ఆ తర్వాత రెండో కాగితం వచ్చింది. నరేందర్, భువన. అల్లుడు ఇంకా లోపలే ఉన్నందువల్ల సంతకానికి కాగితాన్ని సందులోంచి పంపాల్సి వచ్చింది. తిరిగి వచ్చినప్పుడు దాని అంచున నల్లటి వేలిముద్ర ఒకటి ఉంది. భువన దాన్ని చూసి నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం చూసి, ఉప్పలయ్యతో సహా అందరం నవ్వాం. శుక్రవారం నరేందర్ విమానం ఎక్కాడు. ఆ నెలలోనే భువన వీసా వచ్చింది.

ఇక్కడితో ఆపితే మంగళం పాడినట్టుండేది. కానీ పై ఆఫీసు ఉంది గదా. సిద్దిపేట సర్వరుకు పొంతన కలదని రుజువైంది కనుక, వాళ్లు ఒక పెద్ద కంపెనీ చేసిన, మూసి ఉన్న మూలం గల, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను పంపారు. శుభాన్ని తీసేసి దాన్ని పెట్టమన్నారు. తొమ్మిదేళ్ల సర్వరు దాన్ని ఒక చూపు చూసి ఆగిపోయింది. పాతదాన్నే మళ్లీ పెడతానని సౌమ్య అంటే, ఏసీ సందు భద్రతా లోపమని తనిఖీవాళ్లు అప్పటికే ఇటుకలతో మూయించారు. పైగా లీగల్ సెక్షన్ అభ్యంతరం రాసింది. వరునికి ఇదివరకే పెళ్లయినట్టు రికార్డులో ఉంది, మొదటి భార్య ఉండగా రెండో సంబంధం చెల్లదు, ముందు విడాకులు నమోదు కావాలి. విడాకుల ఫారం సర్వరులో ఉంది. సర్వరు డౌన్. ఆ ఫైలుకు నా దుకాణంలో రోజూ జిరాక్సులు తీస్తున్నారు.

నిన్న అవ్వ చిన్నకోడూరు నుంచి ఫోన్ చేసింది. భువన మస్కట్ చేరిందని, అల్లుడు కొత్త ఏసీ బిగించిండని చెప్పి మురిసిపోయింది. తర్వాత గుర్తొచ్చి అడిగింది. (సర్వరు అంటే బస్టాండ్ దగ్గరి హోటల్లో ఇడ్లీ తెచ్చిచ్చే పిల్లగాడని ఆమె నమ్మకం. నేను దిద్దలేదు.)

"అవు బిడ్డా, నువ్వు సాక్షి సంతకం పెట్టినవు సూడు, గా సర్వరు పిలగాడు... ఆడు, ఆని పెండ్లాం మంచిగుంటున్నరా?"

"కాగితమైతే ఉన్నదవ్వా" అన్నాను.